గాలాడని వాటా

బజారు మలుపులో ఫ్రేములాయన కొట్టు ఉండేది. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు వీధిలో నిలబడాల్సినంత చోటు. పెళ్ళి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పోయినవాళ్ళ బొమ్మలు, ఏది తెచ్చినా మూలలు కలిసిన చోట గోరు కూడా దూరకుండా ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. ఎవరైనా "ఫ్రేము భలే ఉందండీ" అంటే, "అయ్యో, అయితే బొమ్మ సరిగ్గా కనపడలేదన్నమాట" అని నవ్వేవాడు. చేతిలో పని ఉన్నంతసేపూ మంచి మాటకారి. పని లేనప్పుడు మాత్రం బెంగ పట్టుకునేది.

ఆ బెంగకి కారణం లేకపోలేదు. పిల్లల్లేరు. భార్య బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి అమ్మకాలు చూసేది. ఆవిడ మడమలు అప్పటికే మొరాయిస్తున్నాయి. తన చేతులు వణకడం మొదలైతే అద్దం కోసే పని సాగదు. "రేపు మనల్ని ఎవరు చూస్తారే?" అని ఆయన అన్నప్పుడల్లా, "కొట్టు నిండా అద్దాలేగా, మనల్ని మనమే చూసుకుందాం" అనేది ఆవిడ. అనేదే గానీ, ఆవిడకీ లోపల ఆ దిగులుంది. చివరికి ఇద్దరూ కూడబెట్టిందంతా ఊడ్చి, మిగతాది బ్యాంకులో అప్పు తీసుకుని, పాతదైనా గట్టిగా ఉన్న చిన్న మేడ ఒకటి కొన్నారు. కింద తాము ఉండటం, పై వాటా అద్దెకివ్వడం, ఆ అద్దెతో బ్యాంకు వాయిదాలు కట్టుకోవడం, అప్పు తీరాక అదే అద్దె పింఛనులా చేతికి రావడం. వాళ్ళ ఆలోచన అంతే.

ఈ ఆలోచన తలకెక్కించింది ఆవిడ అన్నగారు. నాలుగైదు ఇళ్ళు అద్దెకిచ్చి, వాటి మీదే కాలు మీద కాలేసుకుని బతుకుతున్న మనిషి. ఫ్రేములాయన చాటుగా ఆయనకి 'రూల్సు బావ' అని పేరు పెట్టాడు. పేరైతే పెట్టాడు గానీ, ఆ రూల్సన్నీ శ్రద్ధగా ఒంటబట్టించుకున్నాడు.

"ఇల్లు అద్దెకిచ్చేవాడికి మూడు భయాలుంటాయి" అని బావ చెప్పాడు. "అద్దె ఎగ్గొట్టడం, ఇల్లు పాడుచెయ్యడం, ఖాళీ చెయ్యమంటే చెయ్యకపోవడం. అన్నిటికీ ముందే మందు వేసుకోవాలి. అడ్వాన్సు గట్టిగా పుచ్చుకో. వాళ్ళు పనిచేసే చోటికెళ్ళి విచారించు. ఇక రిపేర్లంటావా, మొదటిసారి అడిగితే వినపడనట్టుండు. రెండోసారి అడిగితే 'చూద్దాం' అను. మూడోసారి కూడా అడిగారంటే అప్పుడది నిజమైన రిపేరు. సగం రిపేర్లు మూడోసారి దాకా రానే రావు."

"మంచి మందే బావా" అన్నాడు ఫ్రేములాయన.

పై వాటాలోకి ఒక బస్సు డ్రైవరూ అతని భార్యా వచ్చారు. పెళ్ళై ఎక్కువ కాలం కాలేదు. ఆ అమ్మాయి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. బావ చెప్పినట్టే ఫ్రేములాయన డిపోకి వెళ్ళి డ్రైవరు గురించి వాకబు చేశాడు. "అతని బస్సుకి ఇంతవరకూ ఒక్క గీత పడలేదండీ" అన్నారు అక్కడ. బస్సుకి గీత పడనివ్వనివాడు గోడలకి మేకులు కొట్టడులే అని ధైర్యం తెచ్చుకుని తాళాలు చేతికిచ్చాడు. నిజంగానే ఇబ్బంది పెట్టే మనుషులు కారు. బాబాయ్, పిన్నీ అని వరసలు కలిపేశారు. కింది వాటా కిటికీలకి పరదాలు కుట్టి ఇచ్చి డబ్బులు వద్దంది ఆ అమ్మాయి. "ఇంతోటి దానికి మీ దగ్గర పుచ్చుకుంటానా పిన్నీ" అంది.

ఆమెకి చన్నీళ్ళు పడవు. కరెంటు హీటరు పెడదామంటే పాత వైర్లు తట్టుకోవు, అన్నీ మార్పించాలి. గ్యాసుతో నడిచే గీజరు ఒకటి ఎవరో వాడి తీసేసింది చవగ్గా దొరికితే ఫ్రేములాయనే కొని పై బాత్రూంలో పెట్టించాడు. బిగించిన మనిషి పైకి చూసి, "ఆ వెంటిలేటరు ఎప్పుడూ తెరిచే ఉంచండి. దీనికి గాలాడాలి" అన్నాడు. అప్పటికది తెరిచే ఉంది. ఫ్రేములాయన తలూపాడు.

వానలొచ్చాయి. వెంటిలేటర్లోంచి జల్లు లోపలికి కొట్టి గోడ చెమ్మెక్కింది. కొత్తగా వేయించిన రంగు పెచ్చులు లేచింది. ఇల్లు పాడవుతోందంటే ఆయన ప్రాణం ఊరుకోలేదు. ఫ్రేముల వెనక వేసే దళసరి హార్డ్‌బోర్డు ముక్కని కొట్లోంచి తెచ్చి, కొలిచి కోసి, వెంటిలేటరుకి అడ్డంగా బిగించాడు. ఏ పనైనా అందంగా చెయ్యకపోతే తోచని మనిషి కదా, అంచులకి లప్పం పెట్టి, మీద గోడ రంగే వేశాడు. అక్కడ ఒకప్పుడు సందు ఉండేదని కొత్తవాడు పోల్చలేడు. ఆయన పైన పని చేస్తున్నంతసేపూ ఆ అమ్మాయి స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడింది. "ఎంత బాగా కలిపేశారు బాబాయ్!" అని మెచ్చుకుంది.

గీజరు బిగించినవాడి మాట ఆ నిమిషంలో ఆయనకి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వానలు తగ్గాక తీసేద్దాంలే అనుకున్నాడు. వానలు తగ్గాక కొట్లో పని పెరిగింది.

చలి మొదలయ్యాక ఒక రోజు ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఆపింది. "బాబాయ్, బాత్రూంలో ఆవిరి పోవట్లేదు. స్నానం చేసి వచ్చేసరికి తల పగిలిపోతోంది. ఆ బోర్డు తీసి ఓసారి చూస్తారా?" ఆయన జేబులో తాళంచెవులు వెతుక్కుంటూ, వినపడనట్టే గేటు దాటాడు. మరో రోజు ఆమె కొట్టు దగ్గరికే వచ్చింది. ఈసారి వినపడలేదనడానికి లేదు. "చూద్దాంలే అమ్మా" అన్నాడు. నోట్లోంచి వచ్చాక తెలిసింది, ఆ మాట తనది కాదు, బావది. ఆ అమ్మాయి, "తొందరేం లేదులే బాబాయ్, తీరిక చూసుకుని రండి" అని వెళ్ళిపోయింది.

మూడోసారి అడగలేదు.

ఒక ఆదివారం, ఇద్దరికీ సెలవు రోజున, మధ్యాహ్నం, ఫ్రేములాయన భోంచేసి నడుం వాల్చాడు. పైన నీళ్ళు పోతున్న చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. ట్యాంకు ఖాళీ అయిపోతుందని చిర్రెత్తుకొచ్చింది. నీళ్ళ విషయంలో కాస్త గట్టిగా చెప్పాలని, ఏమేం అనాలో కూడబలుక్కుంటూ మెట్లెక్కాడు. పై వాటా తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మిషను మీద సగం కుట్టిన గౌను. బాత్రూం తలుపు కింద నుంచి వేడినీళ్ళు గదిలోకి పారుతున్నాయి. పిలిచాడు. తలుపు కొట్టాడు. పలుకు లేదు. ఇక ఆలోచించకుండా భుజంతో గుద్ది గుద్ది గడియ ఊడగొట్టాడు.

లోపల ఆవిరి కమ్ముకుని ఉంది. గీజరు మండుతూనే ఉంది. ఆ అమ్మాయి గోడకి చేరగిలి పడి ఉంది. ఆయన పెట్టిన కేకకి కింద నుంచి భార్య పరుగెత్తుకొచ్చి, గ్యాసు కట్టేసి, దుప్పటి కప్పింది. ఇద్దరూ కలిసి వరండాలోకి మోసుకొచ్చారు. వీధిలోవాళ్ళు పోగయ్యారు. చిల్లర కొట్టాయన తన వ్యాను తీశాడు. ఆస్పత్రి దాకా ఫ్రేములాయన ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "అమ్మాయ్, అమ్మాయ్" అంటూనే ఉన్నాడు.

డ్రైవరు యూనిఫారంతోనే వచ్చాడు. డాక్టరు బయటికొచ్చి, ప్రాణానికి భయం లేదని చెప్పింది. "గాలాడని చోట ఆ గీజరు మండితే విషవాయువు పుడుతుంది. వాసన కూడా ఉండదు. తలుపు తియ్యడం ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు. ఏవయ్యా, మీ బాత్రూంలో గాలి వచ్చేపోయే దారే లేదా?"

"ఉందండీ, పైన వెంటిలేటరుంది" అన్నాడు డ్రైవరు. అతను తెల్లారకుండానే డ్యూటీకి పోయి డిపోలోనే స్నానం చేసేవాడు. ఇంట్లో ఉన్న రోజున కూడా తలెత్తి చూసి ఎరగడు. ఇంట్లో దిగినప్పుడు చూసిందే అతని కళ్ళలో ఉంది. అయినా అనుమానంగా ఈయన వైపు తిరిగాడు. "ఉంది కదా బాబాయ్?"

ఫ్రేములాయన డాక్టరు వైపు చూడకుండా, "ఉంది" అన్నాడు.

డ్రైవరు ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "మీరు లేకపోతే నా ఇల్లు ఏమైపోయేది బాబాయ్!"

బట్టలు తెస్తానని చెప్పి ఫ్రేములాయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు. బట్టల సంగతి తర్వాత, ముందు స్క్రూడ్రైవరు తీసుకుని పైకెళ్ళాడు. తను అంత అందంగా పెట్టిన లప్పం గీకి, బోర్డు ఊడదీసి, రాలిన పొడి ఊడ్చి, తడిగుడ్డతో తుడిచాడు. చల్లగాలి జివ్వున మొహానికి కొట్టింది. స్టూలు దిగి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో భార్య.

"ఏం చేస్తున్నారు?"

"గాలాడాలి కదా..."

"ఇప్పుడా?" అందావిడ. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆవిడ బీరువా తెరిచి ఆ అమ్మాయి బట్టలు రెండు జతలు సంచిలో పెట్టి, తనే ఆస్పత్రికి వెళ్ళింది.

ఆ వారం, మొహం చాటేసి తిరగాల్సిన ఫ్రేములాయన కాస్తా వీధికి హీరో అయిపోయాడు. చిల్లర కొట్టాయన వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని చూపించి, "అద్దెకున్నవాళ్ళని సొంత బిడ్డల్లా చూసుకునే మనిషండీ" అని చెప్పేవాడు. ఫ్రేము పనేం లేకపోయినా జనం కొట్టుకొచ్చి కరచాలనం చేసి వెళ్ళారు. అంతమంది మెచ్చుకుంటుంటే ఆయన నీళ్ళు నమిలేవాడు. అదంతా వినయమే అనుకున్నారు జనం. ఆ రోజుల్లో ఆయన కట్టిన ఫ్రేముల్లో మూలలు కలవలేదు. కలవని మూలల్లో లప్పం కూరబోయి, ఆ లప్పం డబ్బా చేతిలో ఉండగానే కుర్చీలో కూలబడ్డాడు.

రూల్సు బావ వచ్చాడు. చెల్లెలు లోపలి గదిలో ఉన్నప్పుడు సంగతంతా విని, "బోర్డు తీసేశావు కదా, తెలివైన పని చేశావు. ఇక నోరు మెదపకు" అన్నాడు. "కేసంటూ అయితే ఇల్లు బ్యాంకుకి పోతుంది, నువ్వు రోడ్డుకి పోతావు. ఆ పిల్ల కోలుకోగానే ఏదో వంక పెట్టి మెల్లగా ఖాళీ చేయించు."

"ఆ పిల్ల రెండుసార్లు అడిగింది బావా."

"మూడోసారి అడగలేదుగా?"

ఫ్రేములాయన ఆయన మొహంలోకి చూశాడు. బావ వెటకారానికి అనలేదు. తన రూలు ప్రకారం న్యాయంగానే మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళూ తను మెచ్చుకుంటూ వచ్చింది ఈ న్యాయాన్నేనా అనుకున్నాడు.

ఆ అమ్మాయి ఇంటికొచ్చింది. నడుస్తోంది, మాట్లాడుతోంది. కానీ వేళ్ళు వణుకుతున్నాయి. మాట మధ్యలో వెతుక్కుంటోంది. ఆస్పత్రికి ముందు కొన్ని నెలలు ఆమె తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. మెల్లగా తగ్గచ్చు, పూర్తిగా తగ్గకపోవచ్చు, చెప్పలేమన్నారు డాక్టర్లు. తోడుగా ఉండటానికి తల్లి వచ్చింది.

పళ్ళ సంచి పట్టుకుని ఫ్రేములాయన, భార్య చూడ్డానికి పైకెళ్ళారు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించాలని చూస్తోంది. దారం సూదికి ఇటూ అటూ పోతోందే గానీ బెజ్జంలోకి వెళ్ళడం లేదు. డ్రైవరు గోడవారగా నిలబడి ఉన్నాడు. తల్లి అల్లుణ్ణి కడిగేస్తోంది.

"తలనొప్పి తలనొప్పని పిల్ల మొత్తుకుంటే కళ్ళద్దాలకి తీసుకెళ్ళాడటమ్మా! సూదిపని కదా, కళ్ళు అలిసిపోయుంటాయన్నాడట. బాత్రూంలో ఏముందో చూడాలని తోచలేదా నీకు? మొగుడివేనా నువ్వు?" అంటూ వీళ్ళని చూసి చప్పున లేచి, చేతులు జోడించింది. "అన్నయ్యా, సొంతవాడికి పట్టకపోయినా మీరు నా బిడ్డని బతికించారు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో!"

"నాదే తప్పత్తయ్యా" అన్నాడు డ్రైవరు తల దించుకుని. "రోజంతా బస్సులో ముందూ వెనకా చూసుకుంటాను. ఇంట్లోనే చూసుకోలేదు."

ఆ అమ్మాయి సూది ఒళ్ళో పెట్టుకుంది. "బాబాయ్, నేనే ఏదో చేసుంటాను" అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "గీజరు... సరిగ్గా తిప్పలేదేమో. నాకేం గుర్తు రావట్లేదు. ఊరికే ఆయన్ని అంటున్నారు."

ఫ్రేములాయన చేతిలో పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. భార్య మెల్లగా ఆ సంచి అందుకుంది. అందుకుంటూ ఆయన కళ్ళలోకి ఒక్కసారి చూసింది.

"తప్పు అతనిది కాదమ్మా, నీదీ కాదు" అన్నాడు. "ఆ వెంటిలేటరు నేను మూసేశాను. వానకి గోడ పాడవుతోందని బోర్డు కొట్టేశాను. నువ్వే స్టూలు పట్టుకున్నావు. తర్వాత నువ్వు నన్ను అడిగావు. తల పగిలిపోతోంది, బోర్డు తియ్యమని రెండుసార్లు అడిగావు. నేను విననట్టు ఊరుకున్నాను."

డ్రైవరు గోడ వదిలి ముందుకొచ్చాడు.

"మరి ఆస్పత్రిలో అడిగాను కదా?" అన్నాడు డ్రైవరు నెమ్మదిగా. "డాక్టరు ఎదురుగా అడిగాను. ఉందన్నారు. ఇంటికొచ్చి చూస్తే తెరిచే ఉంది."

"ఆ రోజే వచ్చి తీసేశాను."

తల్లి ఒక్క అరుపు అరిచింది. ఆవిడ అన్న మాటలు ఫ్రేములాయన తర్వాత ఎవరికీ చెప్పలేదు. తనకి అవి తక్కువే అనిపించాయి. ఆవిడ అరుస్తుండగా ఆ అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకు లాగింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు, కానీ మొహంలో ఎన్నాళ్ళుగానో లేని తేటదనం ఏదో వచ్చింది. "అయితే నేను అడిగానా బాబాయ్? నేను చెప్పానా?"

"చెప్పావమ్మా."

"చెప్పానటమ్మా" అంది తల్లితో. "నేను ఊరుకోలేదట."

ఆ మాట ఫ్రేములాయన గుండెల్లో దిగబడింది. జరిగినదాంట్లో ఈ పిల్ల తన మీద వేసుకున్న నేరం కూడా ఉందని, దాన్ని తీసెయ్యడం తన నోట్లోని ఒక్క మాట పనని, ఆ మాటనే తను ఇన్నాళ్ళూ నొక్కిపెట్టానని అప్పుడు తెలిసింది.

డ్రైవరు వాళ్ళని గుమ్మం దాకా సాగనంపాడు. "మీరు తలుపు పగలగొట్టకపోతే ఈ మనిషి లేదు. అది నిజం. అసలు మీరు ఆ బోర్డు కొట్టకపోతే ఇదంతా లేదు. అదీ నిజమే. ఆ రెండూ ఎలా కలుపుకోవాలో నాకు తెలియడం లేదు. బోర్డు సంగతైనా మరిచిపోతానేమో గానీ, నేనడిగితే 'ఉంది' అన్నారే, అది మాత్రం..." అని ఆగిపోయి, తలుపు వేసుకున్నాడు.

నెల తిరక్కుండా వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. సామాను దింపుతుంటే ఫ్రేములాయన కుట్టుమిషనుకి చెయ్యి వెయ్యబోయాడు. "వద్దండీ" అన్నాడు డ్రైవరు. కోపంగా కాదు, పరాయివాడితో అన్నట్టు. వైద్యం ఖర్చు పెట్టుకుంటానంటే మొదట ఒప్పుకోలేదు. చివరికి ఆ అమ్మాయి తల్లే, "ఎందుకు వద్దు? పెట్టుకోనివ్వు" అంది. వైద్యం సాగినన్నాళ్ళూ ఫ్రేములాయన భార్య వెళ్ళి ఆ డబ్బు ఇచ్చి వచ్చేది. వాళ్ళు కేసు పెడతారేమోనని బావ చాలాకాలం నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. "పెడితే ఇదే చెబుతాను" అన్నాడు ఫ్రేములాయన. బావ ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. వాళ్ళు కేసు పెట్టలేదు.

వీధిలో సంగతి తనే చిల్లర కొట్టాయనకి చెప్పాడు. ఒకసారి ఆ కొట్లో పడ్డాక ఇంకెవరికీ వేరే చెప్పక్కర్లేకపోయింది. కరచాలనాలు ఆగిపోయాయి. కొందరు ఫ్రేములకి వేరే కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టారు.

పై వాటా ఖాళీగానే పడి ఉంది. బ్యాంకు వాయిదాల కోసం భార్య దుకాణంలో ఆదివారాలు కూడా నిలబడసాగింది. టు-లెట్ బోర్డు పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. ఒక సాయంత్రం ఆవిడ కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుని అడిగేసింది.

"ఖాళీగా ఉంచితే ఆ అమ్మాయి వేళ్ళు బాగవుతాయా?"

"కావు."

"అయితే మీరు బాధపడటానికి నా మడమలు ఎందుకు అరగాలి? లేచి ముందు ఆ బాత్రూం సంగతి చూడండి."

ఆయన పై వాటా వైర్లన్నీ మార్పించి కరెంటు హీటరు పెట్టించాడు. గీజరుని తుక్కు కింద కూడా అమ్మనివ్వలేదు, ఎవరో కొని మళ్ళీ ఎక్కడో బిగిస్తారని, రేకు రేకు విప్పి పారేశాడు. వెంటిలేటరు రెట్టింపు వెడల్పు చేయించి, జల్లు పడకుండా బయటివైపు చిన్న చూరు కట్టించాడు. చూరు కట్టడం పూట పని. ఆ పూట మేస్త్రి పక్కన నిలబడి చూస్తుంటే ఆయనకి ఏడుపొచ్చింది. ఈ చూరేదో ముందే కట్టించి ఉంటే గోడా తడిసేది కాదు, ఆ అమ్మాయి చేతులూ బాగుండేవి.

తర్వాత ఇద్దరు నర్సులు అద్దెకొచ్చారు. కొళాయి కారుతోందని వాళ్ళు ఇంకా మాట పూర్తి చెయ్యకముందే పానా పట్టుకుని మెట్లెక్కేస్తాడు. "ఇంత కంగారు మనిషిని చూడలేదు పిన్నీ" అని వాళ్ళు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

మరో చలికాలంలో, ఫ్రేములకి చెక్క కొనడానికి వెళ్తూ ఫ్రేములాయన కదిలిపోతున్న బస్సు వెనక పరుగెత్తాడు. బస్సు ఆగింది. రొప్పుకుంటూ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాక డ్రైవరు అద్దంలో తనకి తెలిసిన కళ్ళు కనిపించాయి. తను దిగాల్సిన స్టాపులో ఆయన తలవంచుకుని లేచాడు.

"కుట్టడం మొదలుపెట్టింది" అన్నాడు డ్రైవరు, ముందుకే చూస్తూ. "గౌన్లూ అవీ కావు. అంచులు మడిచి కుట్టేవి, అంతవరకే. దారం మాత్రం నేను ఎక్కించి వెళ్ళాలి. పిన్నికి చెప్పమంది... మీ ఇంట్లో చెప్పండి." ఫ్రేములాయన దిగి వెనక్కి తిరిగాడు. తలుపు మూసుకుంది, బస్సు కదిలింది.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ వింటూనే లేచి, పెట్టె తెరిచి దిండు గలీబులు తీసింది. వాటి కుట్లు బాగానే ఉన్నాయి. ఆవిడే కూర్చుని రెండు మూడు చోట్ల ఊడదీసింది.

"రేపు తీసుకెళ్తాను. మీరు రాకండి."

"రానులే" అన్నాడాయన.

మర్నాడు ఆవిడ సంచి భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళాక వెనకాలే వచ్చాడు. "ఇంకా తలనొప్పి వస్తోందేమో కనుక్కో."

"మీరడగమన్నారని చెప్పనా?"

ఆయన గేటు తీసి పట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు. "నువ్వే అడుగు."